ముప్పయ్యో గుంజ

మార్చి 30, ఆదివారం

ఒక మనిషిని బాగా ఎరుగుదుం అంటే అర్థం ఏమిటి? రేపు ఏం చేస్తాడో ఈవేళే చెప్పగలగడమా?

అమ్మ వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. పుట్టి బుద్ధెరిగాక మా ఊరు టాలిస్ దాటి, కిందికి వాంగరాట సంతకు తప్ప ఎక్కడికీ పోని మనిషి, పెద్దవాళ్ళ బస్సు టూరులో డార్విన్ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇక ఈ చలి నావల్ల కాదు అని ఫోన్ చేసింది. మీ అమ్మా? జన్మలో అలా చెయ్యదు, అంది ఊరంతా. నేనూ అదే అన్నాను.

ఈవేళ బేకరీలో, అది నడిపే రొవీనా అన్న మాటకి మళ్ళీ గుర్తొచ్చింది. కొండ మీదికి వేస్తున్న కొత్త నడకదారి, ట్రైల్, గైడు పుస్తకానికి చెట్ల గురించి రాసిపెట్టమని అడిగి, నేను నోరు తెరవకముందే, నాకు తెలుసులే, నువ్వు కుదరదంటావు, అంది. ఆ ఒక్క మాటకోసం సరే అన్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే మంట. ఆవిడ మెల్‌బోర్న్ నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. ఊరికి ఇంకా కొత్తావిడే. కానీ నన్ను ఎలా ఒప్పించాలో ఊరివాళ్ళకన్నా బాగా తెలుసు.

ఏప్రిల్ 6, ఆదివారం

పాత కోర్టు భవనంలో రొవీనా అధ్యక్షతన ట్రైల్ కమిటీ మీటింగ్. ట్రైల్ పేరు 'బంగారం నుంచి మంచు దాకా'. మెయిన్ వీధిలో పాత బ్యాంకు దగ్గర మొదలై, స్మశానంలో బంగారం తవ్వడానికొచ్చిన చైనావాళ్ళ సమాధుల మీదుగా, లోయ ఎక్కి, కొండ మీద గేటు దాటి, గ్రేమేర్ మైదానం అడ్డంగా పశువుల కాపర్ల గుడిసె దాకా. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఈ ఊరికొచ్చే జనం ఎవడో ఇంగ్లండ్ నుంచి తెచ్చి నాటిన ఎల్మ్ చెట్ల పసుపుపచ్చటి ఆకులకి ఫొటోలు తీసుకుని పోతారు. కాస్త పైకెక్కి వాన పడ్డాక స్నో గమ్ చెట్ల బెరడు ఎర్రగా, ఆకుపచ్చగా, నారింజగా ఎలా మెరుస్తుందో చూస్తే మంచిదే.

రెండో అంశం దగ్గర నాకు తిక్క రేగింది. మంచు గుంజల నంబర్లు మారుస్తారట.

మైదానం మీద మంచు కమ్మితే ఒక గుంజ నుంచి ఇంకో గుంజకి చూసుకుంటూ నడవడం తప్ప వేరే దారి లేదు. ఆ గుంజలు వందల్లో, కాపర్లు పాతినవి. లెక్క గుడిసె నుంచి మొదలవుతుంది. ఎందుకంటే నిప్పు ఉండేది అక్కడ. నంబరు చిన్నదవుతోందంటే నిప్పు దగ్గరవుతోందన్నమాట. ఇప్పుడు రొవీనా లెక్క గేటు దగ్గర నుంచి. సందర్శకులు కారు దిగేది అక్కడ కాబట్టి. కొత్త రేకులు, తెల్ల అంకెలు, మూలన బంగారు గడ్డ బొమ్మ.

పాత లెక్క ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు అన్నాను. చిన్నపిల్లలు ఎంతమంది మిగిలారు ఈ ఊళ్ళో అని అడిగింది. అది నిజం కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

ఓటింగులో ఓడిపోయాం. నేనూ, రెస్క్యూ టీము మెర్వూ.

ఏప్రిల్ 12, శనివారం

గైడు కోసం క్లెం బాబాయ్‌తో మైదానం మీద నడిచాను. నాన్నకి తమ్ముడు, డెబ్బై నాలుగేళ్ళు, మోకాలు లాగుతుంది, అయినా నాకంటే ముందే. 2003 కార్చిచ్చులో కాలిపోయిన యాష్ చెట్ల అడవి ఇంకా బూడిదరంగు కర్రల్లా నిలబడే ఉంది. పైన మాత్రం బురదనేలల్లో నాచు మళ్ళీ మెత్తగా ఉబికింది, కాలు పెడితే నీళ్ళు. గ్యాంగ్-గ్యాంగ్ చిలకలు రెండు, నూనె లేని తలుపులా కిర్రుమంటూ వెనకే వచ్చాయి. నేను పూలపేర్లు రాసుకుంటుంటే బాబాయ్ పక్కనే నిలబడి, ఏమ్మా ప్రొఫెసరూ, ఆ గడ్డికి నువ్వు పేరు పెట్టకపోతే రేపటినుంచి మొలవనంటుందా, అని ఏడిపిస్తూనే ఉన్నాడు.

కొత్త రేకులు అప్పుడే బిగించేశారు. ఒకదాని ముందు ఆగాడు. బంగారు గడ్డ బొమ్మని బొటనవేలితో రుద్దాడు. నాకు పదిహేనేళ్ళప్పుడు మీ నాన్నా నేనూ ఈ గుంజ పాతాం, నేల గడ్డకట్టి గడ్డపార వంగిపోయింది, అన్నాడు. ఇప్పుడు జనానికి నిప్పెంత దూరమో అక్కర్లేదు, కారెంత దూరమో కావాలి. ఆ రొవీనాతో చెప్పు, ఆవిడ నంబరు నా నోట్లోంచి వచ్చిన రోజు నన్ను పాతిపెట్టెయ్యమని.

నవ్వాను. నిజంగా నవ్వొచ్చింది.

గుడిసెలో టీ. వెళ్ళేముందు తర్వాత వచ్చేవాళ్ళ కోసం పొయ్యి పక్కన ఎండుకట్టెలు, చిదుగులు, అగ్గిపెట్టె సర్దాడు. మే మొదట్లో మళ్ళీ వచ్చి చలికాలానికి సరిపడా కట్టెలు పేరుస్తానన్నాడు. ఎవరైనా కుర్రాణ్ణి పంపు బాబాయ్ అంటే, ఎవర్ని, నీ క్లాసులో పెన్సిలు చెక్కడం రాని వాళ్ళనా, అన్నాడు.

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

ట్రైల్ ప్రారంభం. బాండు, రిబ్బను, ఉచిత వనిలా స్లైసులు. బాబాయ్ బేకరీ ముందు తన యూట్ ట్రక్కు ఆపి, అద్దం దించి, జనమంతా వినేలా, ఏమ్మా రొవీనా, రేపు చర్చిలో సీట్లకి కూడా నంబర్లు తిప్పేస్తావా, అని అరిచి వెళ్ళిపోయాడు. అందరూ నవ్వారు. రొవీనా కూడా నవ్వింది. రిబ్బను మాత్రం వంకరగా కత్తిరించింది. చూశాను. జాలేమీ కలగలేదు.

ఏప్రిల్ 21

నా పేరు గైడులో తప్పు అచ్చేశారు. బాగా అయింది నాకు.

మే 10, శనివారం, సాయంత్రం

ఎప్పుడూ జూన్‌లో, చలికాలం మొదలయ్యాక రావలసిన మంచు ఈవేళే వచ్చింది. ఉదయం ఎండ. మధ్యాహ్నానికి ఎదురింటి కప్పు కనపడలేదు.

బాబాయ్ గురువారం నుంచీ గుడిసెలో ఉన్నాడు. రెస్క్యూ షెడ్డులో రేడియో దగ్గర నేనూ మెర్వూ. మెర్వ్ టీములో పెద్ద, బాబాయ్‌తో కలిసి బడికెళ్ళినవాడు. మూడింటికి బాబాయ్ గొంతు. "ముప్పయ్యో గుంజ దగ్గర ఉన్నాం. ఇద్దరం. నా తుంటి పోయింది. తొందరగా రండి, ఇక్కడేం బాలేదు." అంతే. మళ్ళీ పలకలేదు. బ్యాటరీ పోయుంటుంది.

ఆ రెండో మనిషి ఎవరో పోలీసు సార్జెంట్ కనుక్కున్నాడు. గేటు దగ్గర నిన్నటినుంచి ఒక కారు ఉందట. మెల్‌బోర్న్ మనిషి, వాసిలీస్, రిటైరైన ట్రాం డ్రైవరు.

ఏ ముప్పయ్యి అని అడిగాడు సార్జెంట్. మెర్వ్ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. క్లెం గురించి అడుగుతున్నావా? ఆ రేకుమీది నంబరు చెప్పేకన్నా ఆ రేకు నమిలి మింగుతాడు వాడు. పాత ముప్పయ్యి. గుడిసె దగ్గరే. షెడ్డులో అందరూ నవ్వేశారు, అంత భయంలోనూ. నేనూ నవ్వాను.

మంచులో పోగల బండి ఒక్కటే ఉంది. గుడిసె వైపుకి వెనక లోయ నుంచి, అడవి మంటలార్పే బళ్ళు పోయే ఫైర్ ట్రాక్ పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాలి. టైర్లకి మంచు చైన్లు వేస్తుండగా రొవీనా ఫోన్ చేసింది. వార్త విందట. రేకుమీది ముప్పయ్యి గేటుకి చాలా దగ్గర, ఎవరో ఒకరు అటు కూడా చూడండి, అని ఏడుస్తున్నట్టు చెప్పింది. మెర్వ్, అమ్మా, నువ్వు రొట్టెలు కాల్చుకో, అని పెట్టేశాడు.

సార్జెంట్ అయినా గేటు వైపు తన కారులో బయల్దేరాడు. చెట్టు కూలి అడ్డం పడిందని సగం దారిలోంచి వెనక్కొచ్చాడు.

బండి వెళ్ళింది. నేను రేడియో దగ్గర కూర్చున్నాను. బాబాయ్ వస్తే ఎంత తిట్టాలో ఆలోచించుకుంటున్నాను.

మే 11, ఆదివారం

గుడిసె ఖాళీ. పాత ముప్పయ్యి దగ్గర ఎవరూ లేరు. తిరిగి వచ్చి, కూలిన చెట్టు కోసి, గేటు వైపు నుంచి వెళ్ళేసరికి తెల్లవారింది.

రేకుమీది ముప్పయ్యి. గేటు నుంచి, ఎండ ఉంటే, కనపడేంత దూరం.

వాసిలీస్ బతికాడు. బాబాయ్ కోటు అతని మీద ఉంది.

మే 12

బడికి వెళ్ళాను. పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెప్పాను. ఒక్కరూ నా మొహం చూడలేదు. వాళ్ళమీద కూడా కోపం వచ్చింది.

మే 16, శుక్రవారం

అంత్యక్రియలు. అమ్మ డార్విన్ నుంచి ఒంటిమీద పూలచొక్కాతో వచ్చింది, నల్లబట్టలు లేవట. మరిది సంగతి నాకు తెలుసే, ఆ నంబరు చెప్పాడంటే నమ్మలేను, అంది. నువ్వు డార్విన్ పోతావంటే మేమూ నమ్మలేదు అన్నాను. ఆ తర్వాత మాట్లాడుకోలేదు.

మెర్వ్ వంగిపోయాడు. చేతిలో బీరు అలాగే వేడెక్కిపోయింది. వచ్చినవాడికల్లా అదే చెబుతున్నాడు. చలి లోపలికి దిగితే మెదడు పనిచెయ్యదు. వాడికి మతి చెదిరింది. లేకపోతే క్లెం ఆ నంబరు చెప్తాడా? నువ్వే చెప్పు, చెప్తాడా? అందరూ తలలూపారు. చలికి అలా అవుతుంది, అది వైద్యం తెలిసినవాళ్ళు కూడా చెప్పేదే. నేనూ తల ఊపాను. ఊపుతున్నప్పుడు నమ్మాను కూడా.

మతి పోయిన ముసలివాడు కళ్ళ ముందున్న అంకె చదివాడు. ఆ అంకె అక్కడ బిగించిందెవరు? మాట మెర్వ్ దగ్గర్నుంచి రొవీనా దాకా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. నాకు ఊరటగా ఉండింది. నా కోపానికి ఒక ఇంటి చిరునామా దొరికింది.

మే 19, సోమవారం

బేకరీ అద్దం మీద ఎర్ర రంగుతో పెద్దగా 30.

రొవీనా బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఒక్కతే తోముతోంది. అవతలి పేవ్‌మెంటు మీదుగా పోయాను. గుడ్ మార్నింగ్ అంది. అంతకన్నా వేరే ఏమన్నా అనుంటే బాగుండేది.

మే 24, శనివారం

వాంగరాట ఆసుపత్రికి వెళ్ళాను. వాసిలీస్ రమ్మని కబురుపెట్టాడు. ఎడమకాలి వేళ్ళు తీసేశారు. మంచం పక్కన మాండరిన్ నారింజల సంచీ, అందులోంచి నాకు వరసగా ఒలిచి ఇస్తూనే ఉన్నాడు, తినకపోతే ఊరుకోలేదు.

జరిగింది ఇదీ. శుక్రవారం పొగమంచులో దారి తప్పి గుడిసె చేరాడు. బాబాయ్ సూప్ పెట్టి పడుకోబెట్టాడు. అతని గుండెజబ్బు మాత్రలు కారులో ఉండిపోయాయి. శనివారం ఉదయం ఎండ చూసి, పద నిన్ను కారుదాకా దిగబెడతాను, అని బాబాయే బయల్దేరాడు. ఇంకాస్తలో గేటు అనగా మంచు ముంచేసింది. వాగు దగ్గర బాబాయ్ జారి పడ్డాడు. గుంజ దాకా వాసిలీస్ ఈడ్చుకొచ్చాడు. తను గేటు వెతుక్కుంటూ పోతానంటే బాబాయ్, గుంజ వదిలావంటే చస్తావురా నాయనా, ఇక్కడే కూర్చో, అన్నాడట.

తర్వాత చెప్పింది మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను.

పడిన కాసేపటికే, ఇంకా బాగానే మాట్లాడుతున్నాడట, రేకుమీది మంచు గోటితో గీకాడు. ఈ బేకరీదాని రేకు, అని బూతు తిట్టాడు. రేడియో తీసి, బటన్ నొక్కబోయి ఆగాడు. ఆ తర్వాత వాసిలీస్‌తో, వచ్చేవాళ్ళు కుర్రకుంకలు, వాళ్ళకి ఈ లెక్కే తెలుసు, మన పంతం వాళ్ళ ప్రాణానికి ఎందుకు, అన్నాడు. చెప్పాడు. బటన్ వదిలాక, నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా నవ్వాడట. "ఇదిగో, మా అన్న కూతురొకతె ఉంది, ప్రొఫెసరమ్మ. దానికి మాత్రం చెప్పకు. ఈ నంబరు చెప్పానని తెలిస్తే నేను చచ్చేదాకా ఏడిపిస్తుంది."

చెప్పకూడదనే అనుకున్నా అన్నాడు వాసిలీస్, కళ్ళు తుడుచుకుంటూ. కానీ చివరిదాకా హుషారుగానే ఉన్నాడని నీకు తెలిస్తే బాగుంటుందనిపించింది.

ఓదార్పు ఇస్తున్నాననుకున్నాడు పాపం. మాండరిన్ తొక్క చేతిలో నలిపేశాను.

మతి చెదరలేదు. ఆలోచించి చెప్పాడు. పుట్టాక ఒక్కసారి తగ్గాడు. ఆ ఒక్కసారీ మాలో ఒక్కరం కూడా నమ్మలేదు.

మే 25

బాబాయ్ మీద కోపం వస్తోంది. ఇంతకాలం గుంజలా బిగుసుకుని ఉండి, ప్రాణం మీదికొచ్చినప్పుడా మెత్తబడటం? ఈస్టరు రోజు మెత్తబడి ఉంటే? ఊరికే సరదాకైనా, ఒక్కసారి పబ్బులో, రొవీనా లెక్క ప్రకారం అని అనుంటే? అప్పుడు మెర్వ్‌కి అనుమానం వచ్చుండేది. అనుమానం చాలు, ఆ బండి అటు తిరిగేది.

అంతలోనే సిగ్గేస్తోంది.

మే 29, గురువారం

ఎటు తిప్పినా ఇలా తేలుతోంది. రెండు లెక్కలు ఉండటమే తప్పంటే రొవీనాది. ఒకటే లెక్క ఉంటే ఎవరూ దారి తప్పరు. కానీ ఆవిడ ఫోన్ చేసింది. అటు కూడా చూడమంది. వినలేదు. వినకపోవడానికి కారణం నంబరు కాదు. ఆ మనిషి మాకు తెలుసు అన్న ధీమా.

సార్జెంటుకి వాసిలీస్ ఇదంతా చెప్పాడా అని కనుక్కున్నాను. నంబరు ఎవరు చెప్పారని అడిగారట, బాబాయే అని చెప్పాడట. దానికి ముందు ఏమనుకున్నారో వాళ్ళు అడగలేదు, ఇతను చెప్పలేదు. వచ్చేవారం మెల్‌బోర్న్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఇక ఈ మాట నా ఒక్కదాని దగ్గరే.

చెబితే రొవీనా అద్దం మీద రంగు పొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. చెబితే మెర్వ్‌కి మిగిలింది బాబాయ్‌కి మతి చెదిరిందన్న ఆ ఒక్క ఊతం, అదీ పోతుంది. భార్య చెప్పింది, తిండి మానేశాడట. తుపాకీ బీరువా తాళం చెవి ఆవిడ దాచేసిందట.

జూన్ 5, గురువారం

కోర్టు భవనంలో ఊరి మీటింగ్. కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. స్కీ సీజను మొదలయ్యేలోగా కొత్త రేకులు పీకేసి పాత లెక్క పెట్టాలి, ఆ వరసకి 'క్లెం వరస' అని పేరు పెట్టాలి. ప్రతిపాదించింది మెర్వ్. ఆ మనిషికి తెలివి ఉన్నంతసేపూ ఆ నంబరు నోట పలకలేదు, ఇకమీదట మనం కూడా పలకక్కర్లేదు, అన్నాడు. చప్పట్లు.

రొవీనా అధ్యక్షస్థానంలో కూర్చుని ఉంది. రాజీనామా చెయ్యి అని వెనకనుంచి ఎవరో అరిచారు. ముందు ఈ ఓటు అవనీ, తర్వాత చేస్తాను, అంది. అనుకూలం వాళ్ళు చేతులెత్తండి అంది. అడవి లేచినట్టు లేచాయి.

మాట్లాడాలనే వెళ్ళాను. వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను. మెర్వ్ నావైపు చూశాడు, ఒక దగ్గరివాడిని చూసుకున్నట్టు. వాక్యాలు రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

వ్యతిరేకం వాళ్ళు, అంది రొవీనా, అలవాటు కొద్దీ, కాగితం మీంచి తలెత్తకుండా.

చెయ్యెత్తాను.

ఒక్కదాన్నే. క్లెం రక్తమేనా నీది, అని ఎవరో అన్నారు. స్కూల్లో నా పక్క గది టీచరు మొహం తిప్పుకుంది. కారణం చెబుతావా అని రొవీనా అడిగింది. లేదన్నాను.

ఎందుకెత్తాను? ఆఖరి మాటగా బాబాయ్ పలికిన లెక్కని అతని పేరుమీదే పీకేస్తుంటే చూడలేక. గేటు దగ్గర దిగి ముందుకు పోయేవాడు ఎదురుగా ఉన్న అంకెనే చదువుతాడు కాబట్టి. కోపం కొద్దీ కూడా. ఇందులో ఏది ఎంతో నాకు తెలియదు.

బయట మెట్ల మీద రొవీనా నా చెయ్యి పట్టుకుని ఆపింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాను. "నీకు ఏదో తెలుసు. తెలిసీ అక్కడ నిలబడి చెయ్యి ఊపి వచ్చావు. నీ దయ నాకెందుకు? తెలిసింది చెప్పు, లేదా వాళ్ళతోపాటు రాళ్ళెయ్యి." చెయ్యి వదిలి, బూట్లు టకటకలాడిస్తూ వీధి దాటింది.

అంత సూటిగా నాతో ఈ ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు.

జూన్ 6

బేకరీ తలుపుకి 'అమ్మకానికి' అని బోర్డు.

జూన్ 8, ఆదివారం

మెర్వ్ వచ్చాడు. వరండాలోనే నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవరు, రేకులు పీకడానికి పోతున్నాడు. ఎందుకెత్తావమ్మాయ్ అని అడగలేదు. క్లెంకి ఆ రోజు మతి చెదిరింది కదా, అని అడిగాడు. అడిగిన తీరు చూస్తే జవాబు తెలిసే అడిగాడేమో అనిపించింది. టీ పెట్టనా అన్నాను. వద్దన్నాడు.

వెళ్ళాడు.

నేను నోరు విప్పకపోవడం మెర్వ్ మీద జాలో, రొవీనా మీద నాకు ఇంకా తీరని కోపమో, తేల్చుకోలేకపోతున్నాను.